డప్పుకెక్కని రెండో మాట

ఈ ఉదయం వసారాలో కూచుని బియ్యం చెరుగుతుంటే రెండూ ఒక్కసారే వచ్చాయి. పెరటి వైపు నుంచి ఎండాకు కాలుతున్న పొగ, గూట్లోని రేడియోలోంచి వాతావరణం. ఉత్తరాది కొండల మీద మంచు, మధ్య ప్రాంతాల్లో ఉరుములు, ఈదురుగాలులు, అక్కడక్కడా వడగళ్ళు, అడవుల్లో నిప్పు భయం అని ఎవరో అమ్మాయి తీరిగ్గా చదువుతోంది. రాగల రెండు రోజులకు అంది. చేట పక్కన పెట్టేశాను. ఎండాకు పొగ కమ్మగా ఉంటుందనేవాళ్ళను చాలామందిని చూశాను. నాకు మాత్రం అది గొంతులో అడ్డం పడుతుంది. అది జరిగి అరవై ఏళ్ళు దాటాయి కదా, మరిచిపోయి ఉండవలసింది. ‘రాగల రెండు రోజులు’ అనే మాట నా చేత మొదటిసారి పలక మీద రాయించిన మనిషి పేరు సీతాపతి గారు. ఆయన్ని ఎరిగినవాళ్ళలో ఈ ఊళ్ళో మిగిలింది నేనొక్కదాన్నే. ఆయన గురించి మంచి చెప్పవలసిన బాకీ ఒకటి నా మీద ఉంది. చెప్పవలసిన రోజున చెప్పలేదు.

అప్పటికి బస్తరు ఇంకా సంస్థానమే. పెద్ద యుద్ధం ముగిసింది, రాజ్యం ఇంకా దేశంలో కలవలేదు. మా ఊరు తర్లగూడకు ఎగువన, అడవి అంచున ఉండేది. మా నాయన పట్వారీ. ఊరి కచేరీ, మా ఇల్లు ఒకే ఆవరణలో, మధ్య ఒక తడిక. సీతాపతి గారు గోదావరి కింది జిల్లాల నుంచి కచేరీకి రాతగాడుగా వచ్చారు. దరఖాస్తులు రాయడం ఆయన ఉద్యోగం. కాని ఆవరణలో వాన కొలిచే రాగి గరాటు ఒకటి, కచేరీ లోపల బ్యాటరీతో నడిచే రేడియో ఒకటి ఉండేవి. ఆ రెండింటినీ ఆయనకే అప్పగించారు. ఎవరూ అడగకపోయినా ఆ రెండింటినీ కలిపి ఆయన ఒక పని కల్పించుకున్నారు. పొద్దున రేడియోలో దేశం మొత్తానికి చెప్పే వాతావరణం విని, ఆకాశం చూసి, గాలి ఎటు తిరిగిందో చూసి, మా చుట్టుపట్ల పల్లెలకు రెండు రోజుల ముందుచూపు రాసేవారు. నాయన దానికి ముద్ర వేస్తే ఊరి చాటింపు మనిషి మల్లయ్య డప్పు కొట్టి పల్లెపల్లెకూ చెప్పివచ్చేవాడు. జనం ఆయనకు వానల పంతులు అని పేరు పెట్టారు.

ఊళ్ళో బడి ఉంది కాని అది హిందీ బడి, అందులోకి ఆడపిల్లలు వెళ్ళేవాళ్ళు కారు. మా అమ్మ నాకు దీపం పెట్టడం, రామనామం చెప్పుకోవడం నేర్పింది. మిగతాదంతా పంతులుగారి చలవ. సాయంత్రాలు తడిక అవతల నుంచి పలక అందించేవారు, ఇవతల కూచుని నేను దిద్దేదాన్ని. నాయన వద్దనలేదు. ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు, నాయనకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. పదకొండో ఏడు వచ్చేసరికి పంతులుగారి ముందుచూపును సాఫు కాగితం మీద నేనే ఎత్తిరాస్తున్నాను. మల్లయ్యకు చదువు రాదు. నాయన చదివి వినిపిస్తే రెండుసార్లు పైకి అనుకుని, డప్పు భుజాన వేసుకుని బయల్దేరేవాడు. కాగితం మీద ఉన్నదే వాడి నోట్లో ఉండేది, ఒక్క మాట ఎక్కువా లేదు తక్కువా లేదు.

పంతులుగారి దగ్గర ఒక పొడుగాటి రిజిస్టరు ఉండేది. ఎడమవైపు ఆయన చెప్పింది, కుడివైపు జరిగింది. తప్పినప్పుడల్లా ఎర్ర పెన్సిలుతో ‘తప్పింది’ అని తనే రాసుకునేవారు. “మీరు రాయకపోతే ఎవరికి తెలుస్తుంది పంతులుగారూ?” అని అడిగాను ఒకసారి. “నాకు తెలుస్తుందిగా” అన్నారు. ఆయన మాట తప్పిన రోజున జనం ఊరుకునేవాళ్ళు కాదు. అడవి వైపు, దోర్ల తెగవాళ్ళు ఉండే పల్లె నుంచి లచ్చక్క వచ్చేది మా ఇంటికి, చింతపండు, విస్తరాకులు తెచ్చి. నన్ను నడుముకెత్తుకుని పెంచిన మనిషి. ఒకసారి పంతులుగారు రాళ్ళవాన అన్నారని ఆరబెట్టిన ఇప్పపువ్వంతా గంపలకెత్తి లోపల పోసుకుంది. ఆ రోజు చుక్క పడలేదు. మరునాడు కచేరీ మెట్ల దగ్గరే నిలబడి నడుం మీద చేతులు వేసుకుని అడిగింది.

“ఏంది పంతులూ, నీ వాన ఏడ ఆగింది? తర్లగూడల కల్లు తాగుతాందా?”

“తాగి తూలుతూ ఎటో పోయినట్టుంది లచ్చక్కా. తప్పు నాదే, రాసుకున్నాను.”

“రాసుకుంటివి, మంచిగున్నది. మల్ల నా పువ్వు ముక్కవాసనొచ్చె. దాన్ని ఏడ రాసుకోవాలె నేను?”

ఆయన నవ్వలేదు. రిజిస్టరు తెచ్చి, ఎర్ర మాట పక్కనే ‘లచ్చక్క పువ్వు పాడయింది’ అని రాసి, చదివి వినిపించారు. లచ్చక్క కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతూ వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఆయన చెప్పిన మాటను ఆ పల్లె నమ్మింది. తప్పని వాణ్ణి ఎవరూ నమ్మరు, తప్పాను అన్నవాణ్ణి నమ్మారు. ఆ నమ్మకమే తరవాత వాళ్ళ కొంప ముంచింది.

మంచు అంటే ఏమిటని అడిగాను ఇంకోసారి. రేడియోలో రోజూ ఉత్తరాది కొండల మీద మంచు పడిందనో పడుతుందనో వస్తుండేది. ఆయన దాన్ని కూడా రాసుకునేవారు, అక్కడ మంచు పడ్డ నాలుగో రోజున ఇక్కడ గాలి మారుతుందని ఆయన లెక్క. “నేనూ చూడలేదమ్మా” అన్నారు. “చూడనిదాన్ని చూసినట్టు చెప్పకూడదు.” “దేవుణ్ణి చూడకుండానే చెబుతున్నాం కదా?” అన్నాను. ఆయన “దేవుడు రేపేం చేస్తాడో మాత్రం నేను రాయను, గాలి ఏం చేస్తుందో రాస్తాను” అన్నారు. ఆ నెలలోనే రాళ్ళవాన పడింది. వాన తగ్గీ తగ్గకముందే ఆయన నెత్తిన తువ్వాలు వేసుకుని వచ్చి, ఇత్తడి గ్లాసులో ఒక వడగల్లు పెట్టి తడిక మీదుగా అందించారు. “ఇది మంచుకు చెల్లెలు. దీన్ని చూడు, అక్కను ఊహించుకో.” నేను దాన్ని పరుగున తీసుకెళ్ళి దేవుడి పీట ముందు పెట్టాను. కరిగిన నీళ్ళు అమ్మా నేనూ తీర్థంలా తీసుకున్నాం. అంత చల్లని తీర్థం మళ్ళీ ఏ గుళ్ళోనూ దొరకలేదు.

ఇక వాళ్ళ కొంప మునిగిన సంవత్సరం ఇప్పపువ్వు కాలం గురించి చెప్పాలి. మా వైపు తెలియనివాళ్ళ కోసం ఒక మాట. ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. చెట్టు కింద ఎండాకు ఉంటే పువ్వు అందులో పడి కనిపించదు, ఏరడానికి రాదు. అందుకని ఎవరి చెట్టు కింద వాళ్ళు ఆకు ఊడ్చి కుప్పవేసి కాల్చి, నేలను వాకిలిలా శుభ్రం చేసుకుంటారు. ప్రతి ఇంటికీ తాతల నాటి నుంచి తమ చెట్లు ఉంటాయి. ఏటా అదే పని, ఏటా అదే పొగ. తడిసిన ఆకు మాత్రం కాలదు, దాని మీద పడిన పువ్వు కుళ్ళిపోతుంది. ఏడాదిలో సగం రోజుల తిండి ఆ పువ్వు మీదే.

ఆ కాలంలో ఒక రోజు పొద్దున పంతులుగారు రేడియో విని, బయట చాలాసేపు నిలబడ్డారు. వారం రోజులుగా ఎండ నిప్పులు చెరుగుతోంది, ఆకు చిటపటలాడుతోంది. లోపలికి వచ్చి రెండు మాటలు చెప్పి రాయించారు. మొదటిది: రేపు మధ్యాహ్నం తరవాత ఉరుములు, గాలిదుమారం, రాళ్ళవాన, ఆరిన పువ్వు ఎత్తుకోండి. రెండోది: వానకు ముందు పొడి గాలి గట్టిగా వస్తుంది, అందుచేత ఈ రోజు, రేపు చెట్ల కింద నిప్పు పెట్టవద్దు. రాయడం అయ్యాక, “రెండోది ఎందుకో తెలుసా?” అని అడిగారు. తెలియదన్నాను. “వాన వస్తుందంటే వీళ్ళేం చేస్తారు? ఆకు తడవకముందే కాల్చేద్దామని పరిగెత్తుతారు. ఊరికే వాన అని చెబితే నిప్పు పెట్టమని చెప్పినట్టే. మొదటి మాట ఒక్కటే వెళ్ళకూడదమ్మా, వెళితే రెండూ వెళ్ళాలి.” నాకు అర్థమైంది. అర్థం కాలేదని చెప్పుకునే వీలు నాకు ఎప్పుడూ లేకపోయింది.

కాగితం నా చేతిలో పెట్టి ఆయన నీటిమట్టం చూడటానికి దూరాన ఉన్న ఏటి ఒడ్డుకు వెళ్ళారు. కాగితం పట్టుకుని నేను నాయన దగ్గరకు వెళ్ళేసరికి అడవి రేంజరు సాబు అరుగు మీద కూచుని ఉన్నాడు. నాయన చదివి ముద్రకు చెయ్యి చాచాడు.

“ఠైరో పట్వారీజీ” అన్నాడు రేంజరు. “ఈ రెండోది ఎవరి హుకుం? వాన మీ పంతులుది, ఆగ్, నిప్పు, నాది.”

“రెండు దినాలకే గద సాబ్, గాలి ఉంటదని...”

“అదే నేను అడిగేది. దో దిన్ కాల్చొద్దంటే, మిగతా దిన్ కాల్చమనా? జంగల్‌లో నిప్పు ఎప్పుడూ పెట్టొద్దు, మనా. సర్కారు ముద్రతో ఈ కాగజ్ పోతే రేపు ప్రతివాడూ నాకే చూపిస్తాడు.”

 రేంజరుతో పేచీ పెట్టుకునే హోదా నాయనది కాదు. నా వైపు తిరిగి, “జానకీ, రెండో మాట తీసేసి సాఫుగ మల్ల రాసి తే” అన్నాడు. నేను లోపలికి వెళ్ళి రాశాను. పంతులుగారు వచ్చేదాకా ఆగుదామని అనలేదు. అది వద్దు నాయనా అనలేదు. మొదటి కాగితం పొయ్యిలో వేశాను, అమ్మ అన్నం వండుతోంది. కొత్త కాగితం చూసి రేంజరు, “వాహ్, బిటియా అక్షరాలు మోతీలు, ముత్యాలే” అన్నాడు. ఆ మాటకు నాకు సంతోషమేసింది. ఈ ముక్క రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆడదు, కాని నిజంగా సంతోషమేసింది.

మల్లయ్య డప్పు వెళ్ళిపోయింది. పొద్దెక్కాక లచ్చక్క మా పెరటి దారిన పోతూ ఆగింది. చంకలో చీపురు, చేతిలో కుండపెంకు, అందులో మా పక్కింట అడిగి తెచ్చుకున్న నిప్పు.

“బిడ్డా, డప్పు వింటిని. వాన నిజంగ వస్తదా? నీ పంతులు ఏమన్నడు?”

“వస్తుందక్కా, రేపే.”

“అయితే ఇయ్యాల, రేపట్ల ఆకు కాల్చేస్త. తడిస్తె ఈ ఏడు పువ్వు మన్నుల పోసినట్టే. పోయినసారి లెక్క తప్పదు గద?”

నాయన అరుగు మీద ఉన్నాడు. రేంజరు ఇంకా వెళ్ళలేదు. ఆ పెంకులో నిప్పు మీద బూడిద పొర కూడా నాకు గుర్తుంది. నేను, “తప్పదు” అన్నాను. అంతే అన్నాను. లచ్చక్క నా తల నిమిరి వెళ్ళింది.

పంతులుగారు పొద్దుగూకే వేళ వచ్చి, “రెండూ వెళ్ళాయా?” అని తడిక అవతల నుంచి అడిగారు. నాయనే జవాబిచ్చాడు, వెళ్ళాయి పంతులూ అని. నేను పలక మీద ఏదో దిద్దుతున్నట్టు తల వంచుకున్నాను. అప్పటికైనా నోరు తెరిచి ఉంటే ఒక రాత్రి చేతిలో ఉండేది. ఆయన చీకట్లో నడిచైనా వెళ్ళి చెప్పివచ్చేవారు.

మరునాడు మధ్యాహ్నం ఆయన చెప్పినట్టే జరిగింది. ఒక్క గంట తేడా లేదు. పడమటి నుంచి ముందు గాలి వచ్చింది, పొడి గాలి. ఆ వేళకు అడవి అంచున ప్రతి ఇప్పచెట్టు కిందా ఒక కుప్ప కాలుతోంది. గాలికి కుప్పలన్నీ ఒకదానితో ఒకటి కలిశాయి. మా పెరట్లో నిలబడి చూస్తే అడవి వైపు ఆకాశం రాగిగరాటు రంగులో ఉంది. మగవాళ్ళు పచ్చి కొమ్మలు విరుచుకుని పరుగెత్తారు, పంతులుగారు అందరికన్నా ముందు. దోర్ల పల్లె పూరిళ్ళు అంటుకున్నాయి. లచ్చక్క అత్త మంచం దిగలేని ముసలిది. లచ్చక్క కాలుతున్న తలుపు తడికను చేతులతో లాగి లోపలికి వెళ్ళింది. ముసలమ్మను బయటికి తెచ్చింది కాని ఆమె బతకలేదు. ఇళ్ళు కూలిన తరవాత వాన వచ్చింది, రాళ్ళతో. మేమంతా ఎదురుచూసిన వాన బూడిద మీద కురిసింది. మరునాడు పొద్దున ఎనిమిదింటికి పంతులుగారు కాలిన బొబ్బల చేతులతోనే గరాటు దగ్గరకు వెళ్ళి ఆ వానను కొలిచి రాశారు.

విచారణకు పైనుంచి ఒక అధికారి వచ్చాడు. కచేరీ వసారాలో అందరినీ అడిగారు. పల్లెవాళ్ళు ఒకే మాట చెప్పారు. డప్పు విని కాల్చినం, వానొస్తదని పంతులే చెప్పిండు. రేంజరు తల ఊపాడు. పంతులుగారు లేచి, నిప్పు పెట్టవద్దని కూడా నేను రాశాను, అన్నారు. నాయన ముద్ర వేసిన కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. అందులో ఒకటే మాట ఉంది. పంతులుగారు దాన్ని వంగి చూశారు. అక్షరాలు ఎవరివో ఆయనకు చెప్పాలా, ప్రతి అక్షరం ఆయన దిద్దించిందే. రిజిస్టరు తెరిచి రెండు మాటలూ చూపించారు. “ఇది తర్వాత రాసుకున్నదై ఉంటుంది” అన్నాడు రేంజరు. తన తప్పులన్నీ ఎర్ర పెన్సిలుతో రాసుకున్న మనిషిని, ఒక్క నిజం కోసం దొంగను చేశారు.

“పట్వారీగారి అమ్మాయి ఎత్తిరాసింది, అడగండి” అన్నారు పంతులుగారు, మెల్లగా.

నేను తలుపు వెనకే ఉన్నాను. అధికారి తల తిప్పి, పాపా, ఎన్ని మాటలు రాశావు అని అడిగాడు. నాయన నన్ను బెదిరించలేదు, సైగ చేయలేదు. తన చేతుల వంక చూసుకుంటూ కూచున్నాడు. 

“గుర్తులేదు” అన్నాను.

పంతులుగారు రిజిస్టరు మూసేశారు. ఆయన కొలువు పోయింది. రేడియోకు తాళం పడింది. రేంజరుకు, నాయనకు ఏమీ కాలేదు. మళ్ళీ ఎవరూ మా పల్లెలకు రెండు రోజుల ముందుచూపు చెప్పలేదు.

ఆయన వెళ్ళే రోజున ఏటి రేవుకు పోయే బండి కచేరీ ముందు ఆగింది. ఒక ట్రంకు పెట్టె, ఒక పరుపు చుట్ట. అమ్మ చూడకుండా తడిక దాటి వెళ్ళి ఆయన పాదాలకు దండం పెట్టాను. తిడతారనుకున్నాను, తిట్టివుంటే బాగుండేది. ఓదారుస్తారేమోనని కూడా ఆశపడ్డాను. ఆయన ఆ రెండూ చేయలేదు.

“లచ్చక్క చేతులు ఎలా ఉన్నాయి?” అన్నారు.

నాకు తెలియదు. అప్పటికి పది రోజులైనా నేను వెళ్ళి చూడలేదు. నా ముఖం చూసి గ్రహించారు.

“వెళ్ళి చూడు” అన్నారు, బండి ఎక్కారు. అవే ఆయన నాతో అన్న చివరి మాటలు. ఆ తరవాత ఎక్కడున్నారో, ఎలా పోయారో తెలియదు. రోజూ దీపం పెట్టేటప్పుడు ఆయన పేరు తలుచుకుంటాను. అది ఆయనకు చేరుతుందో లేదో కూడా తెలియదు.

ఆ సాయంత్రమే లచ్చక్క దగ్గరకు వెళ్ళాను. ఆమె వేళ్ళు ముడుచుకుపోయాయి, పువ్వు ఏరే చేతులు కావు ఇక అవి. రోజూ వెళ్ళి తల దువ్వేదాన్ని, అన్నం కలిపి పెట్టేదాన్ని. ఊళ్ళో అందరూ నన్ను మంచి పిల్ల అన్నారు. పెళ్ళయినా ఈ ఊళ్ళోనే ఉండటం దేవుడి దయ, ఆ పని ఆపలేదు. చాలా ఏళ్ళకు, నాయన పోయాక, ఒకనాడు జడ అల్లుతూ చెప్పేశాను. రెండో మాట ఉండేదక్కా, నేనే తీసేశాను, నాకు తెలుసు అని. 

“నేనడిగితిని గద బిడ్డా” అంది లచ్చక్క. “నిప్పు చేతుల పట్టుకొని నిన్నే అడిగితిని గద.”

తల నా చేతుల్లోంచి తీసుకోలేదు. మన్నించాననీ అనలేదు. జడ పూర్తి చేసి ఇంటికి వచ్చాను. ఆమె బతికున్నంతకాలం ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఈ ఉదయం చేట పక్కన పెట్టి, చెప్పులు వేసుకుని పొగ వైపు నడిచాను. లచ్చక్క మనవరాలు ముత్తి తన ఇప్పచెట్టు కింద ఆకు కుప్పకు నిప్పు పెట్టి, పక్క చెట్టు వైపు ఊడుస్తోంది. నన్ను చూసి పకపకా నవ్వింది.

“వచ్చింది మా రేడియో అమ్మమ్మ. ఏంది, వానొస్తాందా?”

“ముందు నిప్పు ఆర్పు.”

“వానొస్తదా లేదా చెప్పు. వచ్చేదుంటె జల్ది కాల్చాలె గద.”

“నిప్పు ఆర్పు ముత్తీ. పొడి గాలి వస్తుంది. ఆర్పిన తరవాత వాన సంగతి చెబుతాను.”

“ప్రతి ఏడు ఇదే లొల్లి” అంటూ గొణుక్కుంటూ బిందె ఎత్తింది. కుప్ప చుయ్యిమని తెల్లగా లేచింది. కర్రతో అడుగు దాకా కెలికించాను. ఇంకో బిందె పోయించాను. చెయ్యి పెట్టి చూశాను, చల్లగా ఉంది. అప్పుడు చెప్పాను, రేపు మధ్యాహ్నం వాన రావచ్చునని, పువ్వు ఎత్తుకోమని. తరవాతి చెట్టు వైపు నడిచాను.